మహాజనద్విష్టులు

చరకసంహిత విమానస్థానంలోని ఎనిమిదవ అధ్యాయంలో, వైద్యవిద్యార్థికి గురువు అగ్నిసాక్షిగా చేసే ఉపదేశం ఒకటి ఉంది. పాశ్చాత్యుల హిపోక్రటీస్ ప్రతిజ్ఞకు దీటైనదిగా దాన్ని సగర్వంగా ఉదహరించడం భారతీయ వైద్యులకు అలవాటు. రోగి క్షేమం కోసం రేయింబవళ్ళు శ్రమించాలనీ, రోగి ఇంటి గుట్టు బయటపెట్టరాదనీ, పరుల సొత్తును మనసులోనైనా కోరరాదనీ అందులో ఉంది. సభల్లో ఉదహరించేవారు సాధారణంగా అక్కడితో ఆపేస్తారు. అదే ఉపదేశంలో మరికొన్ని వాక్యాల తర్వాత ఒక నిషేధం కూడా ఉంది. రాజద్విష్టులకూ మహాజనద్విష్టులకూ, అంటే పాలకులు ద్వేషించేవారికీ జనం ద్వేషించేవారికీ, వైద్యుడు మందు ఇవ్వరాదట. ఈ నియమాన్ని నేడు ఏ వైద్యకళాశాలా బోధించదు. అయినా అది చావలేదు. పేరు మార్చుకొని, చట్టంగా, బీమా నిబంధనగా, డాక్టరు నొసటి ముడతగా బతుకుతూనే ఉంది.

చరకుణ్ణి ఎన్నడూ చదవని దేశంలో ఆ నిషేధం ఎంత శ్రద్ధగా అమలైందో తెలుసుకోగోరేవారు డాక్టర్ విలియమ్ కుక్, పాత్రికేయురాలు లారా ఉంగర్ సహకారంతో 2021లో వెలువరించిన ‘కెనరీ ఇన్ ద కోల్ మైన్’ చదవాలి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రపు దక్షిణ భాగంలో, లూయీవిల్ నగరానికి ఉత్తరాన, స్కాట్ కౌంటీలో ఆస్టిన్ అనే చిన్న ఊరుంది. జనాభా నాలుగువేల పైచిలుకు. 2004లో కుక్ అక్కడ క్లినిక్ తెరిచేనాటికి ఆ ఊళ్ళో మరో డాక్టరు లేడు. పదేళ్ళు తిరిగేసరికి, సూదితో మత్తుమందు ఎక్కించుకొనేవారి మధ్య హెచ్.ఐ.వి. దావానలంలా వ్యాపించిన ఊరుగా ఆస్టిన్ పేరు దేశమంతటా మోగింది.

జరిగిన విషయం క్లుప్తంగా ఇదీ. ఏడాదికి ఐదు కొత్త హెచ్.ఐ.వి. కేసులు కూడా కనబడని కౌంటీలో, 2015 జనవరి నాటికి పదకొండు బయటపడ్డాయి. ఆ నవంబరుకు అవి 181 అయ్యాయి. తర్వాతి ఏళ్ళలో 230 దాటాయి. సోకినవారిలో నూటికి తొంభైమందికి పైగా అప్పటికే హెపటైటిస్-సి ఉంది. ఎక్కువమంది ఎక్కించుకొన్నది హెరాయిన్ కాదు. వైద్యులే రాసిచ్చే ఓపానా అనే నొప్పి మాత్ర. ఆక్సిమార్ఫోన్ దాని అసలు పేరు. పొడిచేసి ముక్కుతో పీల్చకుండా ఉండాలని 2012లో కంపెనీ ఆ మాత్ర తయారీని మార్చింది. పీల్చడం కష్టమయ్యాక జనం దాన్ని కరిగించి నరానికి ఎక్కించడం నేర్చారు. మత్తు త్వరగా దిగిపోతుంది కనుక రోజుకు నాలుగుసార్ల నుంచి పదిహేనుసార్ల దాకా సూది పడేది. మాత్ర ఖరీదైనది కనుక నలుగురు కలిసి పంచుకొనేవారు. శుభ్రమైన సూది దొరకదు కనుక సూదినీ పంచుకొనేవారు. తాత, కొడుకు, మనవడు ఒకే ఇంట ఒకే సూది వాడిన సందర్భాలను దర్యాప్తు చేసిన అధికారులు నమోదు చేశారు. ఆ మాత్రను మార్కెట్ నుంచి తొలగించమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కంపెనీని కోరింది 2017లో.

ఇందులో అర్థంకాని వైద్య రహస్యం ఏదీ లేదు. శుభ్రమైన సూది ఇస్తే ఈ వ్యాధి ఆగుతుందని అమెరికాకు 1980ల చివరినుంచే తెలుసు. 1988లోనే వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా నగరంలో సూదుల మార్పిడి మొదలైంది. అదే 1988లో అమెరికా కాంగ్రెస్ ఆ పనికి కేంద్రప్రభుత్వ ధనం ఒక్క డాలరు కూడా వెచ్చించరాదని నిషేధించింది. 1998 ఏప్రిల్‌లో క్లింటన్ ప్రభుత్వపు ఆరోగ్యమంత్రి డానా షలేలా ఒక ప్రకటన చేశారు. సూదుల మార్పిడి హెచ్.ఐ.వి.ని తగ్గిస్తుందనీ, మత్తుమందుల వాడకాన్ని పెంచదనీ శాస్త్రం తేల్చిందని ఆ ప్రకటన సారాంశం. నిషేధం మాత్రం తొలగదని కూడా అదే ప్రకటనలో ఉంది. నిజం ఒప్పుకొని దాన్ని పాటించబోమని చెప్పడం ఒకే నోటితో, ఒకే పూట జరిగింది. 2009లో నిషేధం తొలగింది, 2011 చివర మళ్ళీ వచ్చింది, ఆస్టిన్ తర్వాత సగం సడలింది. ఆ సడలింపు ప్రకారం కేంద్రధనంతో ఆ కేంద్రంలోని ఉద్యోగికి జీతం ఇవ్వవచ్చు, గదికి అద్దె కట్టవచ్చు. సూది మాత్రం కొనరాదు.

ఇండియానా రాష్ట్రంలో 2015 దాకా సూదుల మార్పిడి నేరం. హెచ్.ఐ.వి. పరీక్షలు చేసే క్లినిక్ ఒకటి కౌంటీ కేంద్రమైన స్కాట్స్‌బర్గ్‌లో ఉండేది. అది 2013లో మూతపడింది. కేసులు డెబ్భై దాటాక, 2015 మార్చి 26న గవర్నర్ మైక్ పెన్స్ ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించి, ముప్ఫై రోజులకు మాత్రమే సూదుల మార్పిడికి అనుమతించారు. ముప్ఫై రోజుల్లో నయమయ్యే వ్యాధి అన్నట్లు. తర్వాత గడువు పొడిగించారు, చట్టమూ మార్చారు. 2018లో లాన్సెట్ బృందపు హెచ్.ఐ.వి. పత్రికలో గొన్సాల్వెస్, క్రాఫర్డ్ అనే పరిశోధకులు ఒక లెక్క కట్టారు. ఇదే చర్య 2013 ఆరంభంలో తీసుకొని ఉంటే సోకినవారు 56కు మించేవారు కారు. 2011లో తీసుకొని ఉంటే పదిమందికి మించేవారు కారు. అది గణితనమూనా కావచ్చు, అంకెలు అటూఇటూ కావచ్చు. కానీ ఆ ఆలస్యానికి కారణం అజ్ఞానం కాదన్నది అటూఇటూ కాదు.

కుక్ పుస్తకానికి రావాలి. ఆయన మంచి వైద్యుడు, నిజాయితీపరుడైన రచయిత. అంటువ్యాధి నిపుణులెవరూ లేని ఊళ్ళో హెచ్.ఐ.వి. చికిత్స నేర్చుకొని, తన క్లినిక్‌లోనే చేశారు. రోగులను ఊరు ఏ పేర్లతో పిలుస్తుందో తెలిసి, తాను మాత్రం వారిని సొంత పేర్లతో పిలిచారు. ఆయన క్రైస్తవ విశ్వాసం ఆ పనికి బలమిచ్చింది. ఇదంతా గౌరవించదగినది. పేచీ వచ్చేది పుస్తకపు అట్టమీదే. ఆ పొడవాటి ఉపశీర్షికలో రచయిత తనను ‘ఒంటరి వైద్యుడు’గా పరిచయం చేసుకొంటాడు, లేదా ప్రచురణకర్త అలా పరిచయం చేస్తాడు. ఈ రకం పుస్తకాల మార్కెట్ అంతా ఆ ఒక్క విశేషణం మీద నడుస్తుంది. పాఠకుడు ఒంటరి వీరుణ్ణి చూసి కన్నీరు కారుస్తాడు, పుస్తకం మూస్తాడు, మనసు తేలికపడుతుంది. ఆ డాక్టరు ఎందుకు ఒంటరి అయ్యాడన్న ప్రశ్న కన్నీటిలో కొట్టుకుపోతుంది. అడవిలో ఒంటరిగా నడిచేవాడు వేరు. నిండిన బజారులో అందరూ తలుపులు వేసుకొన్నందువల్ల ఒంటరి అయినవాడు వేరు. కుక్ రెండవ రకం. ఆయన ఏకాకితనం ఆయన ఘనత కాదు, తలుపులు వేసుకొన్నవారి నేరం.

శీర్షికలోని ఉపమానం కూడా ఆలోచించదగినదే. బొగ్గుగనిలో విషవాయువు పసిగట్టడానికి పూర్వం కార్మికులు పంజరంలో కెనరీ పిట్టను తీసుకుపోయేవారు. పిట్ట కూలిపోతే మనుషులు పరుగెత్తేవారు. హెచ్చరికగా ఆ ఉపమానం బాగానే ఉంది. పిట్ట వైపు నుంచి చూస్తే బాగాలేదు. దాని చావు ఇతరులకు ఉపయోగం. పిట్టను బతికించడం ఎవరి పథకంలోనూ లేదు. ఆస్టిన్ తర్వాత ఇటువంటి ప్రమాదం పొంచివున్న కౌంటీలు 220 ఉన్నాయని కేంద్ర వ్యాధి నియంత్రణ సంస్థ జాబితా తయారుచేసింది. జాబితా బాగుంది. ఆ పట్టికలో అనేక కౌంటీలు వెస్ట్ వర్జీనియా, కెంటకీ, టెనెసీ రాష్ట్రాలవి. వెస్ట్ వర్జీనియా రాజధాని చార్ల్‌స్టన్ నగరం తన సూదుల మార్పిడి కేంద్రాన్ని 2018లో మూసివేసింది. ఆ తర్వాత ఆ కౌంటీలో హెచ్.ఐ.వి. ప్రబలింది. 2021లో ఆ రాష్ట్ర శాసనసభ చేసిన పని, సూదుల పంపిణీ మీద మరిన్ని ఆంక్షలు విధించడం. పిట్ట కూలితే గని ఖాళీ చేయాలి. ఇక్కడ పంజరం మీద గుడ్డ కప్పారు.

ఈ ద్వేషానికి వైద్యశాస్త్రం కూడా చాలాకాలం అలంకారాలు సమకూర్చింది. మొదటి అలంకారం: సూది వాడేవారి శరీరం ఎలాగూ శిథిలం, వారిలో హెచ్.ఐ.వి. వడివడిగా ముదురుతుంది, చికిత్స వ్యర్థం. దీని చరిత్ర చిత్రమైనది. 1981 జూన్‌లో లాస్ ఏంజిలస్‌లోని ఐదుగురు స్వలింగసంపర్కులలో వచ్చిన అరుదైన న్యుమోనియాతో ఎయిడ్స్ కథ మొదలైందని పుస్తకాలు చెబుతాయి. కానీ న్యూయార్క్‌లో సూది వాడేవారు అంతకుముందునుంచే లెక్కకు మించి న్యుమోనియాతో చనిపోతున్నారు. దానికి వీధిలో ఒక తిట్టుపేరు కూడా ఉండేది. అది అరుదైన న్యుమోనియా కాదు, మామూలు న్యుమోనియా. చచ్చేది ఎలాగూ చచ్చేవాళ్ళే కదా అని ఎవరూ లెక్కపెట్టలేదు. వ్యాధికి నిర్వచనం రాసుకొన్నప్పుడు కూడా ఆ న్యుమోనియా అందులో చేరలేదు. మళ్ళీ మళ్ళీ వచ్చే న్యుమోనియా, ఊపిరితిత్తుల క్షయ, ముదిరిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, సి.డి.4 కణాలు 200కు తగ్గడం ఎయిడ్స్ నిర్వచనంలోకి వచ్చింది 1993లో. అంటే పన్నెండేళ్ళపాటు వీరు ఎయిడ్స్‌తో చనిపోయినా ఎయిడ్స్ రోగులు కాలేకపోయారు. నిర్వచనం లేనివారికి పింఛను లేదు, లెక్క లేదు, దినపత్రికలో పేరు లేదు.

వేగంగా ముదురుతుందన్న మాట సంగతి ఏమిటి? సరైన చికిత్స ఇంకా రాని కాలంలో, హెచ్.ఐ.వి. సోకిన తేదీ తెలిసిన పదమూడువేల మంది సమాచారాన్ని పదిహేను దేశాలనుంచి కూర్చి 2000లో లాన్సెట్‌లో ప్రచురించారు. ఎంతకాలం బతుకుతారన్నదాన్ని నిర్ణయించినది ప్రధానంగా సోకినప్పటి వయసు. ఏ దారిన సోకిందన్నది కాదు. యౌవనంలో సోకినవారు సగటున పన్నెండేళ్ళకు పైగా బతికారు, యాభైకి చేరువలో సోకినవారు ఎనిమిదేళ్ళు. నరంలోంచి వచ్చిన వైరస్‌కూ పడకమీద వచ్చిన వైరస్‌కూ మనిషి శీలం మీద పట్టింపు లేదు. ఎడతెగని కొకైన్ వాడకం వ్యాధిని త్వరపెడుతుందని కొన్ని అధ్యయనాలు చెప్పిన మాట నిజం. హెపటైటిస్-సి తోడైతే కాలేయం త్వరగా గట్టిపడుతుందన్నదీ నిజం. సూది వాడేవారికి గుండె కవాటాల ఇన్ఫెక్షన్, మోతాదు మించిన మరణం అదనపు ప్రమాదాలన్నదీ నిజం. ఇవన్నీ మరింత చికిత్స చేయడానికి కారణాలు. వీటిని చికిత్స మానడానికి కారణాలుగా తిప్పిచెప్పడమే వింత.

రెండవ అలంకారం మరింత మర్యాదైనది: ‘వాళ్ళు మాత్రలు వేసుకోరండీ.’ 1996లో మూడు మందుల మిశ్రమ చికిత్స వచ్చి, మృత్యుశయ్య మీది రోగులు లేచి నడవసాగారు. 1998లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు, తాము ఏళ్ళుగా గమనిస్తున్న సూది వాడకందారులలో మందు అవసరమైన 404 మందిని పరిశీలిస్తే, సుమారు సగం మందికి ఏ మందూ అందలేదు. పూర్తి మిశ్రమ చికిత్స అందినవారు ఏడుగురిలో ఒకరు. ప్రపంచంలో పేరెన్నికగన్న ఆసుపత్రి నీడలో ఉన్నవారి పరిస్థితి అది. మాత్ర చేతిలో పెట్టకుండానే మింగడన్న తీర్పు ఎలా వచ్చింది? అర్హత పరీక్ష రాయనివ్వకుండానే తప్పించినట్లు.

కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం హెచ్.ఐ.వి. మందులను అందరికీ ఉచితంగా ఇస్తుంది. అక్కడ చికిత్స మొదలుపెట్టిన 3,116 మందిని ఏళ్ళ తరబడి అనుసరించిన ఫలితాలు 2008లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చాయి. వారిలో 915 మంది సూది వాడినవారు. ఏడేళ్ళ తర్వాత చూస్తే, సూది వాడినవారి మరణాల రేటుకూ ఇతరుల రేటుకూ గణాంక దృష్టిలో చెప్పుకోదగిన తేడా లేదు. మందు ఒకటే, వైరస్ ఒకటే, మారినది ప్రభుత్వ ధోరణి ఒక్కటే. ఆస్టిన్‌లోనూ అంతే. 2015 ఫిబ్రవరిలో ఇండియానా తన పేదల ఆరోగ్యబీమాను విస్తరించింది. పరీక్ష, బీమా, మందు, సూది నాలుగూ ఒకేచోట దొరికాక, ‘వేసుకోరు’ అనుకొన్నవారిలో ఎందరో వేసుకొన్నారు. రక్తంలో వైరస్ అదుపులోకి వచ్చింది.

మందు మానేసేవారు లేరని కాదు. ఎందుకు మానేస్తారో అడిగే డాక్టర్లు లేరు. ఒక్క ఉదాహరణ చాలు. హెరాయిన్ మానడానికి మెథడోన్ తీసుకొనేవారు అనేకులు. ఏళ్ళపాటు హెచ్.ఐ.వి. చికిత్సలో ముందువరుసన ఉన్న ఎఫావిరెంజ్ అనే మాత్ర, కాలేయంలో మెథడోన్ త్వరగా కరిగిపోయేలా చేస్తుంది. మాత్ర మొదలుపెట్టిన వారం పదిరోజుల్లో రోగికి చెమటలు, ఒళ్ళునొప్పులు, కడుపులో మెలిపెట్టడం, నిద్రలేమి. అతనికి చిరపరిచితమైన నరకం అది. కారణం ఏమిటో అతనికి చెప్పినవాడు లేడు. కొత్త మాత్ర ఆపేస్తే బాధ ఆగుతుంది కనుక ఆపేస్తాడు. డాక్టరు చీటీ మీద రాసుకొనే మాట: రోగి సహకరించడు. మెథడోన్ మోతాదు కాస్త పెంచితే సరిపోయే చోట ఒక మనిషి శీలం మీద తీర్పు వెలువడింది. దొంగకు తేలు కుట్టినట్లు, రోగి అరవలేడు. అరిస్తే తానేమిటో చెప్పుకోవాలి.

తీర్పులు చీటీలతో ఆగవు. 2013 చివర హెపటైటిస్-సిని పన్నెండు వారాల్లో నయంచేసే సొఫోస్‌బువిర్ వచ్చింది. అమెరికాలో దాని ధర 84,000 డాలర్లు, మాత్రకు వెయ్యి. ఆ ధర చూసి బెంబేలెత్తిన అనేక రాష్ట్రాల పేదల బీమా పథకాలు ఒక షరతు పెట్టాయి: కొన్ని నెలలుగా మత్తు ముట్టలేదని రుజువు చూపితేనే మందు. అంటే ఏ అలవాటువల్ల వ్యాధి వ్యాపిస్తోందో ఆ అలవాటు ఉన్నవారికి మందు లేదు. వరద వచ్చిన వీధికి పడవ పంపబోమనీ, నీరు తీశాక దరఖాస్తు పెట్టుకోమనీ చెప్పడం ఇది. అదే మందును 2014లో లైసెన్సు పొంది హైదరాబాదులోని హెటిరో వంటి కంపెనీలు ఆ ధరలో చిన్న భాగానికే అమ్మసాగాయి. శాస్త్రం చేయగలిగినది చేసింది. మిగిలినది చేయవలసినవారు శీలపరీక్ష పెట్టారు.

సూదుల మార్పిడికి అభ్యంతరం చెప్పేవారందరూ దుర్మార్గులు కారు. 2021 జూన్‌లో స్కాట్ కౌంటీ పాలకమండలి, ఇద్దరు ఒక వైపు ఒకరు మరో వైపుగా, తమ కౌంటీని కాపాడిన కేంద్రాన్నే మూసివేయాలని తీర్మానించింది. కొత్త కేసులు దాదాపు ఆగిపోయాక ఆ తీర్మానం వచ్చింది. పెన్స్ హయాంలో ఆ రాష్ట్ర ఆరోగ్యాధికారిగా ఉండి, తర్వాత దేశానికే సర్జన్ జనరల్ అయిన జెరోమ్ ఆడమ్స్ స్వయంగా వచ్చి వద్దని వేడుకొన్నా ఆగలేదు. మూసినవారి వాదన, ప్రాణం తీయగల సాధనాన్ని చేతులారా ఎలా ఇవ్వగలమని. ఆ వాదన వెనుక ఉన్న బాధ నిజమైనదే కావచ్చు. వ్యసనంతో బిడ్డను పోగొట్టుకొన్న ఇల్లు ఆ కౌంటీలో ఒకటి రెండు కాదు. కానీ ఆ బాధ ప్రశ్నను తప్పుగా వేస్తోంది. సూది ఇవ్వకపోతే అతడు ఎక్కించుకోవడం మానడు. పక్కవాడి సూదితో ఎక్కించుకొంటాడు. ఎంపిక సూదికీ సూదిలేమికీ మధ్య కాదు, కొత్త సూదికీ పాత సూదికీ మధ్య. పైగా ఆ కేంద్రం సూదుల దుకాణం కాదు. వ్యసనపరుడు తిట్టు తినకుండా లోపలికి అడుగుపెట్టగల ఒకే ఒక ప్రభుత్వ గది అది. పరీక్ష అక్కడ మొదలవుతుంది, చికిత్స అక్కడ మొదలవుతుంది, మానాలన్న మాట కూడా అక్కడే మొదటిసారి నోటివెంట వస్తుంది. సూది వెల డాలరులో చిన్న భాగం. ఒక హెచ్.ఐ.వి. రోగి జీవితకాల చికిత్సకు 2010 నాటి ధరల్లోనే 3,79,000 డాలర్లకు పైగా అవుతుందని ప్రభుత్వమే అంచనా కట్టింది. కరుణ లేనివారికి కనీసం కూడికలు రావాలి.

ఇక్కడ మరో వైద్యరచయితను తలచుకోవాలి. అబ్రహాం వర్గీస్ పేరు చెప్పగానే పాఠకులకు ‘కటింగ్ ఫర్ స్టోన్’ గుర్తొస్తుంది. అంతకుముందు ఆయన రెండు స్వానుభవ గ్రంథాలు రాశారు. 1994లో వచ్చిన ‘మై ఓన్ కంట్రీ’ టెనెసీలోని జాన్సన్ సిటీ అనే చిన్న పట్టణంలో 1980ల నాటి ఎయిడ్స్ రోగుల కథ. 1998లో వచ్చిన ‘ద టెన్నిస్ పార్ట్‌నర్’ టెక్సస్‌లోని ఎల్ పాసోలో ఆయన మిత్రుడు డేవిడ్ కథ. డేవిడ్ వైద్యవిద్యార్థి, ఒకప్పటి టెన్నిస్ ఆటగాడు, కొకైన్ సూదికి బానిస. మొదటి పుస్తకం పొందిన ఆదరణ రెండవది పొందలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. మొదటిదానిలో రోగి వేరు, డాక్టరు వేరు. రెండవదానిలో తెల్లకోటు లోపలే సూది మచ్చలున్నాయి. డేవిడ్‌ను జైలుకు పంపలేదు. డాక్టర్ల వ్యసనచికిత్సకు పేరుపొందిన అట్లాంటా కేంద్రానికి పంపారు, చదువు కొనసాగనిచ్చారు, మూత్రపరీక్షలతో గమనించారు. అతడు చివరకు ఆత్మహత్య చేసుకోవడం విషాదం. కానీ అతనికి దొరికిన ఏర్పాటు అమెరికాలో దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ డాక్టర్లకు ఉంది. వ్యసనానికి లోనైన డాక్టరును ఏళ్ళతరబడి పర్యవేక్షించి, పడిపోతే మళ్ళీ లేపి, లైసెన్సు నిలబెట్టే ఏర్పాటు అది. దాని ఫలితాలు మంచివని వైద్యసమాజమే గర్వంగా చెప్పుకొంటుంది. అంటే వ్యసనం రోగమనీ, చికిత్సకు లొంగుతుందనీ, ఓపిక పట్టాలనీ డాక్టర్లకు బాగా తెలుసు. తమవారి విషయంలో తెలుసు. అదే విద్య ఆస్టిన్ వీధిలో ఎందుకు మరపుకొస్తుంది? కర్ణుడికి శాపం అవసరమైంది. వీరికి శాపం కూడా అక్కరలేదు.

తెలుగు పాఠకుడు దీన్ని అమెరికా గొడవగా చదివి తప్పించుకోలేడు. కారణాలు రెండు. ఒకటి, ఆస్టిన్‌వంటి ఊళ్ళకు అమెరికా డాక్టర్లు రారు. వీసా మినహాయింపు కోసం మూడేళ్ళు పనిచేయడానికి ఇటువంటి ఊళ్ళకు వచ్చేవారిలో తెలుగు డాక్టర్లు తక్కువేమీ కాదు. కెంటకీ కొండల్లోనో వెస్ట్ వర్జీనియా లోయలోనో ఏకైక వైద్యుడిగా కూర్చొన్న తెలుగు డాక్టరు ముందుకే, చేతులమీద మచ్చలు దాచుకొంటూ ఆ రోగి వస్తాడు. చాలాకాలం అతడికి ఒక సాకు ఉండేది: వ్యసనం మాన్పించే బ్యూప్రెనార్ఫిన్ రాయాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. 2022 డిసెంబరులో ఆ నిబంధన రద్దయింది. ఇప్పుడు ఆ మందు రాయకపోతే అడ్డుపడుతున్నది ప్రభుత్వం కాదు.

రెండవ కారణం భాషలో ఉంది. ఎయిడ్స్ గురించి తెలుగులో వచ్చిన కథలనూ కరపత్రాలనూ ఒకచోట పేర్చి చూస్తే ఒక సూత్రం కనబడుతుంది. జాలికి అర్హులు ఏ పాపమూ ఎరుగని ఇల్లాలు, అభంశుభం తెలియని పసిబిడ్డ, ఆసుపత్రిలో చెడు రక్తం ఎక్కినవాడు. ‘ఏ పాపమూ ఎరుగని’ అన్న విశేషణం వాడిన క్షణానే మిగిలినవారు పాపులైపోతారు. ఆ మాట అనడానికి నోరు రాని మర్యాదస్తులకు సామెత సిద్ధంగా ఉంది: చేసుకున్నవాడికి చేసుకున్నంత. మధుమేహం ఉండీ మిఠాయి మానని పెద్దమనిషికి ఈ సామెత ఎవరూ చెప్పరు. ఇన్సులిన్ మోతాదు పెంచుతారు. సిగరెట్టు కాల్చి గుండెపోటు తెచ్చుకొన్న మామయ్యకు స్టెంటు వేస్తారు, పళ్ళు పట్టుకొని పరామర్శకు వెళ్తారు. చేసుకున్నంత అనుభవించమని చెప్పేది మహాజనులు ద్వేషించేవారికి మాత్రమే.

వెనుకబడినదని పేరుబడ్డ భారతదేశం 2017లో చేసిన హెచ్.ఐ.వి. చట్టంలో, వ్యాధి సోకే ప్రమాదాన్ని తగ్గించడానికి చేసే పనులు నేరం కావని స్పష్టంగా రాసుకొంది. మణిపూర్‌లో సూది వాడే కుర్రవాడికి శుభ్రమైన సూది ఇచ్చే కార్యకర్తకు ఆ చట్టం రక్షణ. సంపన్న అమెరికాలో అదే పని చేసే కార్యకర్త కొన్ని కౌంటీల్లో నేటికీ న్యాయవాదిని సంప్రదించి బయలుదేరాలి. ఏ దేశం ముందుందో ఏది వెనుకుందో తలసరి ఆదాయంతో తేలదు.

కుక్ పుస్తకం చదవదగినది. అయితే దాన్ని వీరగాథగా కాక నేరారోపణ పత్రంగా చదవాలి. అందులో నిందితులు వైరస్, వ్యసనం కాదు. మందు తెలిసీ ఇవ్వనివారు, సూది వెల తెలిసీ కొననివారు, ‘మింగడు’ అని మాత్ర దాచుకొన్నవారు. చరకుడు రాజు ద్వేషించేవారికి మందివ్వవద్దని చెప్పడంలో ఒక నిజాయితీ ఉంది: ఆనాటి వైద్యుడు రాజు దయమీద బతకాలి, అది దాచకుండా చెప్పాడు. నేటి వైద్యుడికి ఆ భయం లేదు. ఉన్నది జనం ద్వేషించేవారిని తానూ ద్వేషించే సుఖం. ఆ సుఖానికి శాస్త్రం పేరు పెట్టకుండా ఉంటే చాలు. మిగిలిన పనికి మందులు ఉన్నాయి, సూదులు ఉన్నాయి, లెక్కలు కూడా ఎప్పుడో తేలాయి.